పీత పొట్ట, నక్షత్ర చేప పొట్ట, మధ్యలో న్యూరోపెప్టైడ్లు

పీతను శుభ్రం చేసేవాళ్లకు ఇది తెలిసిన సంగతే. పై డిప్ప ఎత్తగానే కళ్లకు కాస్త వెనకగా ఒక చిన్న సంచి కనబడుతుంది. లోపల ఇసుక, మడ్డి, సగం అరిగిన తిండి. వేళ్లతో పట్టి లాగేసి అవతల పారేస్తాం. కొందరు పీత అంటారు, కొందరు ఎండ్రకాయ అంటారు, ఎవరి వంటింట్లోనైనా ఆ సంచి పోయేది చెత్తబుట్టలోకే. ఈసారి పారేసే ముందు కత్తెరతో చీల్చి చూడండి. లోపల మూడు పళ్లు వేలికి గట్టిగా తగులుతాయి. అటొకటి, ఇటొకటి, నడిమధ్యలో పైనుంచి ఒకటి. పీత నోటి దగ్గర చేసేది ముక్కలు చేసి మింగడమే. అసలు నమలడమంతా పొట్టలోనే.

ఆ పళ్లనూ, వాటి వెనక ఉన్న జల్లెడ లాంటి భాగాన్నీ కదిలించే కండరాలకు ఆజ్ఞలిచ్చేది ఒక చిన్న నాడీ ముడి. అందులో ఉండేవి అటూ ఇటూగా 30 నాడీకణాలు. ఉత్తర అమెరికా తూర్పు తీరంలో దొరికే జోనా పీతలో 26. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్లు ఉంటాయి కాబట్టి, ఇది చాలా చిన్న సంసారం. ఎవరు ఎవరితో మాట్లాడతారో, ఎవరు ఎవరి నోరు మూయిస్తారో మొత్తం పటం గీసి గోడకు తగిలించుకోవచ్చు. పరిశోధకులు ఆ పని చేశారు కూడా. పటం చేతికొచ్చాక ఈ పొట్ట ఎప్పుడేం చేస్తుందో చెప్పేయవచ్చనుకున్నారు. అలా జరగలేదు.

ఎందుకు జరగలేదో చూడాలంటే ఆ ముడిని పీత నుంచి వేరు చేసి చల్లటి ఉప్పునీటి గిన్నెలో పెట్టాలి. అమెరికాలోని బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో ఈవ్ మార్డర్ బృందం దశాబ్దాలుగా చేస్తున్న పని ఇదే. గిన్నెలో పెట్టినా ముడి తన లయ మానదు. జల్లెడ భాగాన్ని నడిపే లయ దాదాపు సెకనుకు ఒకసారి వస్తుంది. పళ్లను నడిపే లయ ఇంకా నెమ్మది, ఒక్కో విడతకు ఐదు నుంచి పది సెకన్లు. ఇప్పుడు పైనుంచి ఈ ముడికి వచ్చే నాడిని తెంపేస్తే లయ నీరసించిపోతుంది, ఒక్కోసారి పూర్తిగా ఆగిపోతుంది. అప్పుడు గిన్నెలోకి ప్రోక్టోలిన్ అనే పదార్థం కొద్దిగా వదిలితే మళ్లీ పుంజుకుంటుంది. ప్రోక్టోలిన్ లాంటి వాటిని పెప్టైడ్లు అంటారు. దాన్ని కడిగేసి ఇంకో పెప్టైడ్ వదిలితే మళ్లీ లయ వస్తుంది గానీ ఈసారి నడక వేరు. ఇందాక కాసేపే మోగిన, అంటే విద్యుత్ సంకేతాలు పంపిన, కణం ఇప్పుడు ఎక్కువసేపు మోగుతుంది, ఇంకోటి తొందరగా ఊరుకుంటుంది. తీగలన్నీ అవే, కణాలన్నీ అవే, ఆట మాత్రం వేరు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఈ తేడా గురించే. సముద్రంలోని వెన్నెముక లేని జీవుల కదలికను నాడుల పటం ఒక్కటే తేల్చదు. ఆ నాడులూ కండరాలూ ఏ పెప్టైడ్‌లో తడుస్తున్నాయన్నది కూడా తేలుస్తుంది.

పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. అదే గొలుసు వందల కొద్దీ పొడవుంటే ప్రొటీన్ అంటాం. నాడీకణాలు ముందు ఒక పెద్ద ప్రొటీన్‌ను తయారుచేసి, దాన్ని ఎంజైములతో ముక్కలుగా కోసి, ఆ ముక్కలను చిన్న సంచుల్లో నింపుకుంటాయి. అవే న్యూరోపెప్టైడ్లు. ఒకే ప్రొటీన్‌లో ఒకే ముక్క చాలాసార్లు ఉండొచ్చు కూడా. ఏప్లీసియా అనే సముద్రపు నత్తలో, ఇకముందు మనం చెప్పుకోబోయే ఒక నాలుగు అక్షరాల పెప్టైడ్, ఒక్క పెద్ద ప్రొటీన్‌లోనే 28 సార్లు వస్తుంది.

నాడీకణాలు మామూలుగా మాట్లాడుకునేది చెవిలో చెప్పినట్టు ఉంటుంది. అసిటైల్‌కోలిన్, గ్లుటమేట్ వంటివి ఒక కణం చివర నుంచి పక్క కణం మీదకు దూకి, సెకనులో వెయ్యో వంతు లెక్కన పని ముగించుకుని మాయమవుతాయి. పెప్టైడ్ అలా కాదు, అది దండోరా. చుట్టుపక్కలకంతా పాకుతుంది, రక్తంలో కలిసి దూరాలు కూడా పోతుంది. పీత పొట్ట ముడి ఉండేదే ఒక రక్తనాళం లోపల. గుండె నుంచి ముందుకు వెళ్లే ధమనిలో కూర్చుని ఉంటుంది, కాబట్టి ఒంట్లో ఎక్కడ దండోరా వేసినా దానికి నేరుగా వినబడుతుంది. అయితే విన్నవాళ్లంతా కదలరు. ఆ పెప్టైడ్‌ను పట్టుకునే రిసెప్టర్ ఎవరి ఒంటి మీద ఉందో వాళ్లే కదులుతారు. పట్టుకున్నాక కూడా వెంటనే కండరం బిగిసిపోదు. కణం లోపల వరసగా కొన్ని రసాయన మార్పులు జరిగి, దాని స్వభావమే కాసేపు మారుతుంది. ఆ కాసేపు అనేది సెకన్లు కావచ్చు, నిమిషాలు కావచ్చు.

దండోరా వేయడానికి కూడా ఊపు రావాలి. నాడీకణం ఒకటి రెండుసార్లు మోగితే సాధారణంగా పెప్టైడ్ సంచులు తెరుచుకోవు. వేగంగా, వరసగా మోగితేనే తెరుచుకుంటాయి. అంటే జంతువు మామూలు ధోరణిలో ఉన్నంతసేపూ చెవిలో మాటలతో సరిపెట్టుకుంటుంది, ఆకలో గాబరానో ముదిరితే మైకు పట్టుకుంటుంది.

2000లో మార్డర్ ప్రయోగశాల నుంచి వచ్చిన ఒక పని ఈ విషయంలో నాకు చాలా ఇష్టం. రకరకాల పెప్టైడ్లను పీత పొట్ట ముడి మీద వేసి చూస్తే, వాటిలో చాలావరకు చివరికి కణంలో తెరిచేది ఒకే తలుపు, ఒకే విద్యుత్ ప్రవాహం. మరి లయలు ఎందుకు వేరుగా వస్తున్నాయి? ఏ కణం మీద ఏ పెప్టైడ్‌కు రిసెప్టర్ ఉంది అన్నదే తేడా. ప్రోక్టోలిన్ పిలుపును ఇన్ని కణాలు వింటాయి, ఇంకోదాని పిలుపును వీటిలో కొన్ని మాత్రమే వింటాయి. అందరికీ పెట్టే భోజనం ఒకటే, ఏ పిలుపుకు ఏ ఇళ్ల వాళ్లు వచ్చారో దాన్ని బట్టి పంక్తి మారిపోతుంది.

ఇంతకీ ఈ ప్రోక్టోలిన్ సముద్రం నుంచి రాలేదు. 1975లో కెనడాలో బ్రౌన్, స్టారట్ అనే ఇద్దరు దీన్ని బొద్దింకల నుంచి తీశారు. 1,25,000 బొద్దింకలను నూరి, వడగట్టి, శుద్ధి చేస్తే చేతికొచ్చింది 180 మైక్రోగ్రాములు. అంటే ఒక మిల్లీగ్రాములో ఐదో వంతు కూడా లేదు. బొద్దింక పేగును కదిలించే ఆ ఐదు అమైనో ఆమ్లాల గొలుసే పీతల్లోనూ లాబ్‌స్టర్లలోనూ నాడుల మీద, కండరాల మీద పనిచేస్తుందని తర్వాత తేలింది.

కండరాల మీద అనే మాట దగ్గర ఒక నిమిషం ఆగాలి. పెప్టైడ్లు నాడులను మార్చి ఊరుకోవు, నేరుగా కండరం మీద కూడా చేయి వేస్తాయి. నాడి పంపే సందేశం ఇందాకటిదే అయినా, పెప్టైడ్ తగిలిన కండరం దానికి ఎక్కువగా బిగుస్తుంది. ఏప్లీసియా నోటిలో నాచును గీకి లోపలికి లాగే ఒక కండరం ఉంది. దానికి వచ్చే ఒక నాడీకణం అసిటైల్‌కోలిన్‌తో పాటు ఎస్‌సీపీ అనే చిన్న పెప్టైడ్లను కూడా వదులుతుంది. అవి తగిలితే కండరం గట్టిగా బిగుస్తుంది, అంతే కాదు, తొందరగా వదులుతుంది కూడా. నాకు రెండోదే ముఖ్యమనిపిస్తుంది. ఆకలి మీద గబగబా తినాలంటే పట్టు పెరిగితే చాలదు. పట్టు వదలడం ఆలస్యమైతే తర్వాతి కొరుకుడుకు నోరు తెరుచుకోదు.

ఇక్కడ మన తీరానికి ఒక దారి ఉంది. కాకినాడ, విశాఖ వైపు రొయ్య హేచరీల్లో పనిచేసిన వాళ్లను అడగండి, తల్లి రొయ్యకు ఒక కన్ను ఎందుకు తీస్తారో చెబుతారు. రొయ్య కన్ను ఒక కాడ మీద ఉంటుంది. ఆ కాడలో గుడ్లు ఎదగకుండా ఆపి ఉంచే పెప్టైడ్ హార్మోన్ తయారవుతుంది. కాడను కత్తిరిస్తే ఆ అడ్డు తొలగి గుడ్లు తొందరగా పండుతాయి. పనూజ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1943లో గమనించిన విషయమిది. ఆ తర్వాత ప్రపంచమంతటా రొయ్యల పరిశ్రమ దీని మీదే నడిచింది. కంటి కాడ అంటే రొయ్యకు చూపు మాత్రమే కాదు, ఒక మందుల కొట్టు.

ఆ కొట్టులోనే ఇంకో సరుకు దొరికింది. 1972లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఉత్తర సముద్రాల రొయ్య కంటి కాడల నుంచి ఎనిమిది అమైనో ఆమ్లాల ఒక పెప్టైడ్ నిర్మాణం తేల్చారు. వెన్నెముక లేని జీవుల న్యూరోపెప్టైడ్లలో నిర్మాణం పూర్తిగా తెలిసిన మొదటిది ఇదే. ఇది చర్మంలోని ఎర్రరంగు రేణువులను ఒకచోటికి గుమిగూడేలా చేస్తుంది, రొయ్య పాలిపోయినట్టు కనబడుతుంది. అందుకని దానికి ఆ రంగు పేరే పెట్టారు. 1990లో డికిన్‌సన్, మెక్‌సాస్, మార్డర్ ఇదే పదార్థాన్ని ముళ్ల లాబ్‌స్టర్ పొట్ట నాడుల మీద వేసి చూశారు. అక్కడ మామూలుగా రెండు లయలు వేటికవే నడుస్తుంటాయి, ఒకటి పొట్ట ముందున్న తిత్తిది, ఒకటి పళ్లది. ఈ పెప్టైడ్ పడగానే రెండూ కలిసిపోయి, ఇటు దానిలాగానూ అటు దానిలాగానూ కాని ఒక కొత్త లయ పుట్టింది. రెండు వేర్వేరు యంత్రాలనుకున్నవి కాసేపు ఒకే యంత్రమయ్యాయి. రంగు పేరు పెట్టుకున్న పెప్టైడ్ చేసిన పని ఇది!

ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అంటారు. పెప్టైడ్ల పేర్లతో వచ్చే చిక్కు అంత ఘోరం కాకపోయినా ఆ దారిలోదే. మొదట ఏ ప్రయోగశాలలో, ఏ జంతువులో, ఏ పని చేస్తూ కనబడితే ఆ పేరు అతుక్కుపోతుంది. ఇందాక చెప్పిన నాలుగు అక్షరాల పెప్టైడ్‌ను చూడండి. 1977లో డేవిడ్ ప్రైస్, మైకేల్ గ్రీన్‌బర్గ్ దీన్ని ఫ్లోరిడా తీరపు గుల్లల నాడీ ముడుల నుంచి తీశారు. ఫెనైలలనిన్, మెథియోనిన్, ఆర్జినిన్, మళ్లీ ఫెనైలలనిన్, చివర ఒక అమైడ్ తోక. ఆ అమైనో ఆమ్లాలకు రసాయన శాస్త్రంలో వాడే ఒంటి అక్షరాలను వరసగా చదివితే వచ్చేదే దాని పేరు, ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఎఫ్ అమైడ్. పలకడానికి నోరు తిరగదు గానీ కనీసం అబద్ధం చెప్పని పేరు. దాన్ని పట్టింది గుల్ల గుండెతో. కోసి తీసిన గుండెను ఉప్పునీటిలో వేలాడదీసి, దాని కొట్టుకోవడాన్ని నమోదు చేస్తూ, ఒక్కో రసం వేసి చూశారు. ఏ రసం వేస్తే గుండె గట్టిగా కొట్టుకుంటుందో అందులో ఉన్నట్టు. అందుకని ఇది గుండెను హుషారు చేసే పెప్టైడ్ అన్నారు. తీరా మిగతా జాతుల గుల్లల గుండెల మీద వేస్తే కొన్ని హుషారెక్కాయి, కొన్ని నీరసపడ్డాయి. పెప్టైడ్ ఒకటే. వినేవాళ్లు వేరు.

నెమ్మదిగా పనిచేస్తుందని చెప్పుకున్నాం కదా, ఈ నాలుగు అక్షరాలది అక్కడ కూడా ఒక మినహాయింపు ఉంది. నత్తల్లో దీనికి ఒక ప్రత్యేకమైన సోడియం ద్వారం ఉందని 1995లో తేలింది. పెప్టైడ్ వచ్చి తగిలితే చాలు, మధ్యవర్తులెవరూ లేకుండా అది తెరుచుకుంటుంది. దండోరా వేసేవాడే అప్పుడప్పుడు చెవిలో కూడా చెబుతాడన్నమాట.

గుల్లలను తీసుకొచ్చాను కాబట్టి వాటి పట్టు సంగతి కూడా చెప్పాలి. బతికున్న ఆల్చిప్పను ఉత్త చేతులతో తెరవడానికి ఎప్పుడైనా ప్రయత్నించారా? గోళ్లు పోతాయి గానీ అది తెరుచుకోదు. మనం అలిసిపోతాం, అది అలిసిపోదు. మన చేతికి బకెట్ తగిలించి నిలబెడితే ఐదు నిమిషాల్లో వణుకు మొదలవుతుంది, ఎందుకంటే బిగిసి ఉన్నంతసేపూ మన కండరం శక్తి ఖర్చు చేస్తూనే ఉంటుంది. ఆల్చిప్ప జాతి కండరం ఒకసారి బిగిశాక గడియ వేసుకుంటుంది. ఆల్చిప్ప లాంటిదే మసెల్ అనే జీవి. మిటిలస్ అనే మసెల్ తనను రాతికి కట్టేసుకునే దారాలను లాగే కండరం మీద దీన్ని బాగా చదివారు. అసిటైల్‌కోలిన్ తగిలితే బిగుస్తుంది. ఆ తర్వాత బిగించిన సంకేతం పోయినా బిగువు పోదు, దాదాపు ఖర్చు లేకుండా గంటల తరబడి అలాగే ఉంటుంది. గడియ తీయడానికి వేరే సంకేతం రావాలి. సెరొటోనిన్ అనే రసాయనం వస్తే కండరం లోపల ట్విచిన్ అనే పెద్ద ప్రొటీన్‌కు ఫాస్ఫేట్ అతుక్కుని, గడియ ఊడుతుంది.

1980ల్లో జపాన్ పరిశోధకులు ఈ గడియను తీయగల పెప్టైడ్ కూడా ఉందని కనుక్కుని, దానికి పట్టు సడలించే పెప్టైడ్ అని పేరు పెట్టారు. ఏడు అమైనో ఆమ్లాలు. మన నాలుగు అక్షరాల పెప్టైడ్ ఇక్కడ కూడా హాజరు. కొద్ది మోతాదులో వేస్తే గడియ తీస్తుంది, మోతాదు పెంచితే తానే కండరాన్ని బిగిస్తుంది. మన మందుల షాపు తర్కం ప్రకారం మోతాదు పెంచితే అదే పని ఇంకా బాగా చేయాలి. ఇక్కడ ఆ లెక్క కుదరదు.

మసెల్ గడియ వేసుకునేది ఎవరికి భయపడి? చాలామందికి భయపడే గానీ, ముఖ్యంగా నక్షత్ర చేపకు. చేప అని పేరే, చేపతో సంబంధం లేదు. దానికి మెదడు లేదు, నోటి చుట్టూ ఒక నాడీ వలయం, ఒక్కో చేతిలోకి ఒక్కో నాడీ తాడు. అయినా అది మసెల్ మీద వంగి కూర్చుని, గొట్టాల్లాంటి వందల కాళ్లతో రెండు చిప్పలనూ పట్టి లాగుతుంది. మిల్లీమీటరు సందు దొరికితే చాలు. తన పొట్టను నోట్లోంచి బయటికి తోసి, లోపలివైపు బయటికి తిప్పి, ఆ సందులోంచి చిప్ప లోపలికి జార్చి, మసెల్‌ను దాని ఇంట్లోనే అరిగించుకుంటుంది. పని అయ్యాక పొట్టను మళ్లీ లోపలికి లాక్కుంటుంది. పరుపు గలేబును తిరగేసి మళ్లీ సరిచేసినట్టు ఉంటుంది వ్యవహారం.

ఇది జరగాలంటే ముందు పొట్ట గోడ కండరాలు సడలాలి, తర్వాత బిగుసుకోవాలి. లండన్‌లో మారిస్ ఎల్ఫిక్, ఆయన సహచరులు ఐరోపా తీరాల్లో దొరికే మామూలు నక్షత్ర చేపలో ఈ కథను ముక్కముక్కగా విప్పారు. 1991లో సాల్మ్‌ఫమైడ్లు అనే రెండు పెప్టైడ్లు దొరికాయి. వాటిలో రెండోదాన్ని 1999లో నక్షత్ర చేప ఒంట్లోకి ఎక్కిస్తే, ఎదుట తిండి లేకపోయినా పొట్ట బయటికొచ్చింది. 2013లో ఇంకోటి దొరికింది, ఇది సరిగ్గా ఎదురు పని చేస్తుంది: బయట ఉన్న పొట్టను లోపలికి లాగిస్తుంది. పగడపు దిబ్బలను తినేసే ముళ్ల కిరీటం నక్షత్ర చేపను దీనితో అదుపు చేయవచ్చేమోనని అప్పట్లో ఆశపడ్డారు. నాకు అంత నమ్మకం లేదు. సముద్రంలో పోసిన పెప్టైడ్ ఎంతసేపు నిలుస్తుంది, పక్కనున్న మిగతా జీవుల మాటేమిటి? ఆస్ట్రేలియాలో ఈతగాళ్లు ఇప్పటికీ ఒక్కోదాన్నీ వెతికి పట్టుకుని పిత్త లవణాలో వెనిగరో సూదితో ఎక్కిస్తున్నారు.

2019లో వచ్చిన మలుపు ఇంకా బాగుంటుంది. ఆక్సిటోసిన్ పేరు మీరు వినే ఉంటారు, ప్రేమ హార్మోన్ అని వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. ప్రసవంలో గర్భసంచిని బిగించేది అదే. దాని దాయాది నక్షత్ర చేపలో కూడా ఉంది, పేరు ఆస్టరోటోసిన్. మనలో కండరాన్ని బిగించే ఈ వంశం అక్కడ పొట్టను సడలిస్తుంది. ఎక్కించి చూస్తే నక్షత్ర చేప వీపు గూని చేసి, కింద మసెల్ ఉన్నట్టే కూర్చుని, పొట్ట బయటపెట్టి, లేని భోజనం చేసింది. వెల్లకిలా వేస్తే తిరిగి బోర్లా పడటానికి కూడా మామూలు కన్నా ఎక్కువసేపు తీసుకుంది. అంటే ఒక్క పొట్ట కండరం కాదు, భోజనానికి కూర్చోవడమనే పని మొత్తం ఆ ఒక్క పెప్టైడ్‌తో లేచి వచ్చింది.

నక్షత్ర చేప చుట్టమే సముద్ర దోసకాయ. మన దేశంలో 2001 నుంచి దీన్ని పట్టడం నేరం, అయినా తమిళనాడు తీరంలో దొంగ సరుకు పట్టుబడ్డ వార్తలు వస్తూనే ఉంటాయి. దీన్ని తాకితే మెత్తగా ఉన్న ఒళ్లు చూస్తుండగానే గట్టిపడుతుంది. విచిత్రమేమిటంటే గట్టిపడేది కండరం కాదు, చర్మంలోని కొలాజెన్ పొర. మనలో కొలాజెన్ ఉన్నచోట ఉన్నట్టు పడి ఉంటుంది, దీనికి మాత్రం అది నాడుల మాట వింటుంది. 1998లో జపాన్‌లో తేలినదాని ప్రకారం హోలోకైనిన్లు అనే పెప్టైడ్లు ఆ పొరను మెత్తబరుస్తాయి, ఇంకో పెప్టైడ్ గట్టిపరుస్తుంది. ఆ గట్టిపరిచేది, నక్షత్ర చేప పొట్టను లోపలికి లాగేది, రెండూ ఒకే ఇంటివి. ఇక్కడ అది చర్మాన్ని బిగించడమే కాదు, సముద్ర దోసకాయ చేత గుడ్లు కూడా వదిలిస్తుంది. మళ్లీ అదే కథ, పేరు చూసి పని చెప్పలేం.

ఇంతవరకు చెప్పినవన్నీ నాడులు ఉన్న జీవులు. ట్రైకోప్లాక్స్ అనే దానికి అవి కూడా లేవు. 1883లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో సముద్రపు నీటి అక్వేరియం గాజు మీద మొదటిసారి కనబడింది. మిల్లీమీటరు వెడల్పు పలుచటి బిళ్ల, నాడి లేదు, కండరం లేదు, నోరు లేదు, పొట్ట లేదు. అడుగున ఉన్న సన్నటి కేశాలు కొట్టుకుంటుంటే గాజు మీద జారుతూ పోతుంది. కింద నాచు తగిలితే కేశాలు ఆగుతాయి, బిళ్ల ఆగుతుంది, నాచు మీదే ఉండి అరిగించుకుంటుంది. 2017లో దాని కొన్ని కణాల్లో మన ఒంట్లోని నొప్పి మరిపించే పెప్టైడ్లను పోలిన ఒక పెప్టైడ్ కనబడింది. దాన్ని నీటిలో వదిలితే, నాచు లేని చోట కూడా కేశాలు కొట్టుకోవడం మానేసి బిళ్ల ఆగిపోయింది. ఆ ఆగిన బిళ్ల తిరిగి తన పెప్టైడ్‌ను వదిలితే, పక్కన ఇంకా జారుతున్నది కూడా ఆగింది.